వైస్ ప్రిన్సిపాల్ బాధ్యతకు ముందుగా ఏమి నేర్చుకోవాలి?

ఒంగోలు ట్యూటర్: పిల్లల నర్సింగ్‌లో ఎమ్మెస్సీ చేసి ఒక ప్రైవేటు కళాశాలలో బోధిస్తున్నాను. యాజమాన్యం వచ్చే ఏడాది నుంచి వైస్ ప్రిన్సిపాల్ పని చూడమంటోంది. పీహెచ్‌డీలో చేరాలా, నర్సింగ్ కౌన్సిల్ తనిఖీల పని నేర్చుకోవాలా, అధ్యాపకుల సెలవుల తగాదాలు ఎలా తీర్చాలి? అనుభవజ్ఞులు చెప్పగలరు.

గూడూరు సిస్టర్: తగాదాల సంగతి తరువాత, ముందు మీ అనుభవ ధ్రువపత్రాలు చేతిలో ఉన్నాయో లేదో చూసుకోండి. నేను మానేసిన ఒక కళాశాల వారు రిలీవింగ్ ఆర్డరు (ఉద్యోగం నుంచి విడుదల చేసిన పత్రం) ఇవ్వకుండా తిప్పించుకున్నందువల్ల అక్కడి బోధన అంతా లెక్కలోకి రాలేదు, నా వెనుక చేరినవారు ప్రొఫెసర్లయ్యారు.

పెన్నాతీరం: తనిఖీల్లో నా ఫైలును ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు కాబట్టి చెబుతున్నాను. దేశంలో నర్సింగ్ చదువులకు ప్రమాణాలు పెట్టే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం వైస్ ప్రిన్సిపాల్‌కు ఎమ్మెస్సీతో పాటు 12 ఏళ్ల అనుభవం, అందులో 10 ఏళ్లు బోధన ఉండాలి. ప్రిన్సిపాల్‌కైతే మొత్తం 15 ఏళ్లు కావాలి. అంత అనుభవం లేకపోతే మీకిచ్చేది పని మాత్రమే, పదవి కాదు.

కావలి వార్డు: పాఠం చెప్పడమొక్కటే అనుభవమా? ఐసీయూలో రాత్రి డ్యూటీ నడిపినవారికి నాయకత్వం తెలియదా? వార్డు ముఖం చూడని వారు వేసిన రొటేషన్ ప్లాను (విద్యార్థులు ఎప్పుడు ఏ వార్డుకు వెళ్లాలో చెప్పే పట్టిక) వల్లనే రెండు కళాశాలల పిల్లలు ఒకే ఉదయం ఒకే వార్డులోకి వచ్చిపడి, రోగి మంచం దగ్గర మాకు నిలబడే చోటు లేకుండా చేస్తున్నారు.

పెన్నాతీరం: తెలియదని నేను అనలేదండీ, నిబంధనలో ఉన్నది చెప్పాను. 12లో 10 బోధన అయితే మిగతా రెండేళ్లు మీ వార్డువే కావచ్చు. కోపం కౌన్సిల్ మీద చూపండి.

కావలి వార్డు: ఆ రెండేళ్లు మాకు భిక్ష వేస్తున్నట్లు మాట్లాడకండి.

మార్కాపురం మేడమ్: రొటేషన్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2021 నిబంధనలతో బీఎస్సీ సెమిస్టరు పద్ధతిలోకి మారాక థియరీకి, క్లినికల్‌కు (ఆసుపత్రి శిక్షణకు) రోజులు సర్దడం చాలా కష్టమైంది. నేను క్లినికల్ కోఆర్డినేటర్ పని అడిగి మరీ తీసుకుని, ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంట్‌తో ముందే మాట్లాడి బ్యాచ్‌లు విడదీయడం నేర్చుకున్నాను. వైస్ ప్రిన్సిపాల్ పనిలో సగం అక్కడే వచ్చింది. పీహెచ్‌డీ ఉంటే మంచిదే గాని, ప్రిన్సిపాల్‌కు కూడా తప్పనిసరి కాదు.

గూడూరు సిస్టర్: తప్పనిసరి కాదంటారు, ఇంటర్వ్యూలో మొదట అడిగేది మాత్రం అదే. ఇంతకీ నా రిలీవింగ్ ఆర్డరు ఎలా తెచ్చుకోవాలో ఎవరూ చెప్పలేదు.

పెన్నాతీరం: నియామక పత్రం, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ నకళ్లు జతచేసి, రసీదు వచ్చేలా రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఫోనులో అడిగితే రేపు రమ్మంటూనే ఉంటారు.