ఎడారి గిటార్ పట్టుకుంది, తర్వాత ఏం వినమంటారు?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ పిచ్చి నాది. 1975 నాటి 'విష్ యూ వర్ హియర్' ఆల్బమ్ మొదట్లో ఆ నాలుగు గిటార్ స్వరాలు మోగి గాల్లో అలా వేలాడతాయి చూడండి, అది చాలు నాకు. గొంతు వినపడేసరికి ఎనిమిది నిమిషాలు దాటిపోతుంది, అయినా విసుగు రాదు.

ఈ మధ్య మాలీకి చెందిన తువారెగ్ (సహారా ఎడారి జాతి) బ్యాండ్ తినారివెన్ తగిలింది. 2011లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ 'తస్సిలి' విన్నాక వదలబుద్ధి కాలేదు. ఎక్కువగా అకూస్టిక్ గిటార్లు, చప్పట్లు, కోరస్. భాష ఒక్క ముక్క అర్థం కాదు, తల మాత్రం దానంతటదే ఊగుతుంది. అట్నుంచి నైజర్ గిటారిస్టు ఎమ్డూ మోక్తార్ దగ్గరికి వెళ్లా. ఎడమచేతి వాటం మనిషి, 'ఆఫ్రిక్ విక్టీమ్' ఆల్బమ్‌లో నిప్పులు కురిపించాడు.

ఇప్పుడు యాప్ తిప్పితిప్పి ఇవే పేర్లు చూపిస్తోంది. మాలీ గిటారిస్టు అలీ ఫర్కా తూరేని వినడం ఎక్కడ మొదలుపెట్టాలి? అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి చేసిన 'టాకింగ్ టింబక్టూ' (1994) ముందు వినాలా, సొంత ఆల్బమ్‌లా? ఈ శైలిలో ఆడవాళ్లు వాయించేవి ఏమైనా ఉన్నాయా? పేరుతో పాటు ముందు ఏ పాట వినాలో కూడా చెప్పండి, ప్లీజ్. రీమిక్స్‌లు మాత్రం వద్దు.