ఆయిల్ పామ్‌కు అనువైన భూముల పటం: మోడల్ చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న:
ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో ఇప్పటికే ఉన్న తోటలను నమూనాలుగా తీసుకొని, సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు, 30 మీటర్ల గడులున్న భూమి ఎత్తుల పటం, 250 మీటర్ల గడులున్న సాయిల్‌గ్రిడ్స్ నేల సమాచారంతో రాండమ్ ఫారెస్ట్ అనే మెషీన్ లెర్నింగ్ మోడల్ తయారుచేశాను. కచ్చితత్వం 90 శాతం దాటింది. అయితే అనువైన భూములన్నీ ఆయిల్ పామ్ ఫ్యాక్టరీ ఉన్న అశ్వారావుపేట చుట్టూనే కనిపిస్తున్నాయి. కారణం ఏమై ఉంటుంది?

జవాబు 1:
నమూనాలను యాదృచ్ఛికంగా విభజించి ఉంటారు. ఒకే తోటలోని పక్కపక్క పిక్సెళ్లలో ఒకటి శిక్షణలోకి, మరొకటి పరీక్షలోకి వెళితే మార్కులు ఊరికే వస్తాయి. కొన్ని మండలాలను పూర్తిగా పక్కన పెట్టి, వాటిపైనే పరీక్షించి చూడండి.

జవాబు 2:
అసలు చిక్కు అంతకన్నా లోతైనదండీ. ఇప్పటి ఉపగ్రహ చిత్రాలు ఇస్తే మోడల్ గుర్తించేది చెట్ల ఆకులనే గాని నేల అనువును కాదు. కాబట్టి ఆ చిత్రాలను తొలగించండి. పైగా గెలలు కోసిన వెంటనే, వీలైతే 24 గంటల్లోపు, ఫ్యాక్టరీకి చేరకపోతే నూనెలో ఆమ్లత్వం పెరుగుతుంది కనుక, రైతులు ఫ్యాక్టరీకి దగ్గరలో, బోరులో నీరున్నచోట తోట వేస్తారు. తోట లేని పొలమంతా పనికిరానిదని మోడల్‌కు నేర్పడం నాకు సబబుగా తోచదు. ఎదిగిన చెట్టుకు వేసవిలో రోజుకు 200 లీటర్లకు పైగా నీరు కావాలి. భూగర్భజల మట్టం లేని పటాన్ని రైతు చేతిలో పెట్టకూడదు.

జవాబు 3:
1976 నాటి ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) భూమి అంచనా పద్ధతిలో నేల లోతు, అదనపు నీరు నేలలోంచి బయటికిపోయే తీరు, వాలు, నీటి లభ్యతలకు విడివిడిగా తరగతులు ఇచ్చి, అతి తక్కువ తరగతినే తుది తరగతిగా తీసుకొని, మీ పటంతో పోల్చండి. రెండూ విభేదించిన చోట్లకే ముందుగా క్షేత్ర పరిశీలనకు వెళ్లండి.