‘పెట్టి పుట్టారు’ అంటే ఏమని బదులివ్వాలి?

“మీకేం అమ్మా, పెట్టి పుట్టారు” అంటారు కదా, ఇందులో ‘పెట్టి’ అంటే ఏం పెట్టి? అన్నమా, దానమా? పొగడ్తే అయినా, ఆ మాట వింటే నాకు ఎక్కడో ఇబ్బందిగా ఉంటుంది. మీకూ అంతేనా?

— రెండూ ఒకటేనండి. ‘పెట్టే చెయ్యి’ అన్నప్పటి పెట్టడమే ఇది. పోయిన జన్మలో లేనివాళ్ళకు పెట్టినవాళ్ళు ఈ జన్మలో కలిగిన ఇంట పుడతారని నమ్మకం. అంటే ఉన్నవాళ్ళు సిగ్గుపడే పని లేకుండా చేసిన మాట. ఉన్నవాడికి ఉండటం ఒక్కటే చాలదు, అది తనకు దక్కాల్సిందేనన్న భరోసా కూడా కావాలని జర్మన్ సామాజికవేత్త మాక్స్ వేబర్ రాశాడు. మనకు ఆ భరోసా రెండు మాటల్లో దొరికింది. కాకపోతే దీనికి ‘పెట్టి పుట్టలేదు’ అని ఇంకో సగం ఉంది. ఇంట్లో పనిచేసే ఆవిడ ఆ సగం పైకి అనదు, అయినా మనకు వినిపిస్తుంది. మీ ఇబ్బంది అదేననుకుంటా.

— సిగ్గూ లేదు ఏమీ లేదు, దిష్టి భయం! అందుకే “ఏదో, దేవుడి దయ” అని తప్పించుకుంటాం.

— దిష్టే అయితే అందరి ముందూ ఒకేలా ఉండాలి కదండీ. పెళ్ళిళ్ళలో సాటివాళ్ళు కనబడితే స్థలం గజం ఎంతకు కొన్నామో గట్టిగానే చెప్తాం. చీర మీది ధర చీటీ మాత్రం పనావిడ రాకముందే చింపేస్తాం. రేచల్ షెర్మన్ అనే సామాజికవేత్త న్యూయార్క్‌లో 50 మంది కలిగిన తల్లిదండ్రులతో మాట్లాడి 2017లో పుస్తకం వేశారు. అందులో ఒకావిడ ఆరు డాలర్ల బ్రెడ్ మీది ధర చీటీ కూడా ఆయా కంటపడకుండా తీసేసేదట. చాలామంది తమను ‘మధ్యలో ఉన్నవాళ్ళం’ అనే చెప్పుకున్నారు. మన “ఏదో ఒక ఫ్లాట్ కొనుక్కున్నాం”లోని ‘ఏదో’ చేసే పనీ ఇదే. (‘ఏదో చిన్నిల్లు’ అని మాత్రం అనకండి, కొంప మునుగుతుంది.)

ఇక్కడ గిల్టీ వేరు, సిగ్గు వేరు. మొదటిది చేసిన పని గురించి, రెండోది మన గురించి. తక్కువ జీతం ఇస్తున్నామన్న గిల్టీ, జీతం పెంచితే పోతుంది. చీటీ చింపడం వల్ల సిగ్గు దాక్కుంటుందంతే.

— అన్నీ బాగానే ఉన్నాయి, బదులేమివ్వాలో ఎవరూ చెప్పలేదు!

— మా అమ్మమ్మ చెప్పేది: “నేనేం పెట్టలేదే, మా మామగారు పదెకరాలు పెట్టి పోయారు.”