‘ఓజోన్ పొరకు చిల్లు’ అనొచ్చా?

నాకు ముందు ‘పొర’ దగ్గరే పేచీ ఉంది. కంటికి పొర కమ్మిందంటే, చూపుకు అడ్డంగా తెరలాంటిదేదో పరుచుకుందని అర్థం. ఓజోన్ అలా పరుచుకుని లేదు. ముఖ్యంగా 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో గాలితో కలిసిపోయి ఉంటుంది. బాగా చిక్కగా ఉన్నచోట కూడా పది లక్షల గాలి అణువుల్లో పది ఓజోన్ అణువులుంటే గొప్ప. తల మీదున్న ఓజోనంతా పోగేసి నేలమట్టానికి దించితే సుమారు 3 మిల్లీమీటర్ల మందం! ఆ కాస్తే మనల్ని అతినీలలోహిత కిరణాల నుంచి కాస్తోంది.

ఇక చిల్లు. కుండకు, పడవకు, జేబుకు పడేది చిల్లు. ఇవతల నుంచి అవతలికి దారి ఏర్పడాలి. అంటార్కిటికా మీద ఆ 3 మిల్లీమీటర్లు 2.2 కన్నా తగ్గితే, అంటే ఓజోన్ కొలిచే లెక్కలో 220 డాబ్సన్ యూనిట్ల కన్నా తగ్గితే, దాన్నే ‘రంధ్రం’ అంటున్నారు. కాబట్టి ‘పలచబడింది’ అంటే చాలు. జుట్టు పలచబడింది, మబ్బు పలచబడింది అంటాం కదా.

ఈ మాట మీద చర్చలో ఒక సభ్యురాలు: పలచబడటమంటే అంతటా సమంగా తగ్గినట్టు వినిపిస్తోందండీ. అక్టోబర్‌లో అక్కడ బెలూన్లతో కొలిస్తే 14 నుంచి 20 కిలోమీటర్ల మధ్య ఓజోన్ దాదాపు సున్నాకు పడిపోయిన సంవత్సరాలున్నాయి. దానికి పైనా కిందా మాత్రం మిగిలే ఉంది.

మీరు చెప్పింది నిజమండీ, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పైనా కిందా ఉండి నడుమ ఖాళీ అయితే మనకు సొంత మాటే ఉంది: గుల్ల. చెదపట్టిన దూలాన్ని చూడండి. పైకి దూలంలాగే ఉంటుంది, వేలితో కొడితే డొల్ల చప్పుడు.

చెద పోలిక కూడా కుదిరింది. చలికాలమంతా ధ్రువం చుట్టూ గాలులు సుడి కట్టి, లోపలి గాలిని బయటి గాలితో కలవనివ్వవు. సున్నాకు దిగువన 78 డిగ్రీల చలిలో మబ్బులు ఏర్పడతాయి. మన ఫ్రిజ్‌లూ స్ప్రేలూ వదిలిన వాయువుల నుంచి వచ్చిన క్లోరిన్, ఆ మబ్బు రేణువుల మీద చురుకైన రూపానికి మారి కాచుకుని ఉంటుంది. అక్కడి వసంతంలో, అంటే సెప్టెంబర్, అక్టోబర్‌లలో, ఎండ తగలగానే ఓజోన్‌ని తినడం మొదలుపెడుతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు తాను తరగకుండా వేల ఓజోన్ అణువులను విరగ్గొడుతుంది.

పోలిక ఒక్కచోట తప్పుతుంది. చెద తిన్న దూలం మళ్లీ నిండదు. ఇక్కడ మాత్రం నవంబర్, డిసెంబర్ నెలల్లో సుడి విడిపోయి బయటి గాలి లోపలికొస్తుంది, గుల్ల పూడుతుంది. అందుకే ‘ఏటా గుల్లబారుతోంది’ అని రాయబోతున్నాను. ఆ ‘ఏటా’ వదిలేయకూడదు.