లువాంటి సర్వర్‌లోకి పిల్లలు రావడం లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

సోషల్ టీచర్ (శనివారం రాత్రి 11:42)
సాయంత్రం ఆరు నుంచి దీని మీదే కూర్చున్నాను. అన్నం కూడా చల్లారిపోయింది. తొమ్మిదో తరగతి పిల్లలు 22 మంది కలిసి, గళ్లు పేర్చి కట్టే ఈ కంప్యూటర్ ఆటలో గొలుసుకట్టు చెరువులు కట్టాలని ప్రాజెక్టు ఇచ్చాను. పై చెరువు ఒక జట్టు, కింది చెరువు ఇంకో జట్టు, మధ్యలో కాలువ మూడో జట్టు. ఆదివారం ఎవరి ఇంట్లో వాళ్లు ఉండి ఆడాలి. నా లాప్‌టాప్‌లో సర్వర్ పెట్టాను, నాకు బాగానే తెరుచుకుంటోంది. పిల్లల ఫోన్లలో మాత్రం తిరిగి తిరిగి ఆగిపోతోంది. అందరూ అదే మైన్‌టెస్ట్ వేసుకున్నారు. ఫైర్‌వాల్ కూడా తీసేశాను. ఏం చేయాలి?

రూటర్ రాజు (11:50)
పిల్లలకు ఏ అడ్రస్ ఇచ్చారు? లాప్‌టాప్‌కి ఏ నెట్? ముందు ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేయండి.

పేరులో పెన్నిధి (11:58)
మేడం, చిన్న సవరణ. మైన్‌టెస్ట్ అనే పేరు 2024 అక్టోబరులోనే పోయింది, ఇప్పుడు లువాంటి. ఫిన్నిష్‌లో ‘లువోంటి’ అంటే సృష్టి, దాన్ని లువా అనే ప్రోగ్రామింగ్ భాష పేరుతో కలిపి పెట్టారు. శీర్షికలో సరిగ్గానే రాసి లోపల పాత పేరు వాడారు. పిల్లలు పాత పేరుతో వెతికితే ప్లేస్టోర్‌లో దాన్ని పోలిన యాడ్ల యాప్‌లు ఏవేవో వేసుకుంటారు. ఒక్కొక్కరి ఫోన్‌లో ఏం ఉందో చూడండి.

రూటర్ రాజు (12:01)
అది తర్వాత. అడ్రస్?

చెరువు కట్ట (ఆదివారం ఉదయం 6:15)
నేను రిటైర్డ్ ఇరిగేషన్ ఏఈని. మేడం ఆలోచన బాగుంది, కాని ఆ ఆటలో నీళ్ల లెక్క తప్పు. మా మనవడు చూపిస్తే గంట సేపు పరీక్షించాను. తూము తీశాను, కాలువలో నీళ్లు పారాయి. చెరువులో మట్టం వేలెడు కూడా తగ్గలేదు! కట్టకు గండి కొట్టి చూశాను. చదును నేల మీద ఏడెనిమిది గళ్లు పారి, గీత గీసినట్టు ఆగిపోయింది. చెరువు మాత్రం నిండుకుండ. పైగా మధ్యలో ఒక గడి వదిలి రెండు నీళ్ల గళ్లు పెడితే మధ్య గడి తనంతట తానే నిండుతోంది. ఇది చూసిన పిల్లవాడు నీళ్లు ఎంత తోడినా అయిపోవని అనుకోడా? గొలుసుకట్టు అంటే పై చెరువు నిండి మత్తడి దుంకితేనే కింది చెరువుకు నీళ్లు. ఆ ముక్క ఇందులో ఎక్కడుంది?

సోషల్ టీచర్ (7:30)
అయ్యో, అడ్రస్ చెప్పలేదు కదా. 192.168.43.17. పోర్టు 30000. లాప్‌టాప్‌కి నా ఫోన్ హాట్‌స్పాట్. ఇది చెప్పాలని తట్టలేదు, అందరూ ఇలాగే పెడతారు అనుకున్నాను. చెరువు కట్ట గారూ, మీ మాట నిజమే, కాని ముందు వాళ్లు లోపలికి రావాలి కదా సార్.

రూటర్ రాజు (7:34)
192.168 అడ్రస్ మీ హాట్‌స్పాట్ దాటి బయటికి పనిచేయదు. పిల్లలు మీ ఇంటికి వచ్చి అదే హాట్‌స్పాట్ కలుపుకుంటే వస్తుంది, మీ ఫోన్ అంతమందిని ఒప్పుకుంటే. అందరి ఇళ్ల నుంచి కావాలంటే వేరే దారి.

మబ్బుల్లో మాస్టారు (8:10)
ఇంత కష్టం ఎందుకు మేడం, మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్ వాడండి, ఇలాంటి ఆటే, బడుల కోసం చేసింది. నాలుగు బొమ్మల కోడ్ చూపిస్తే పిల్లలు అవే బొమ్మలు నొక్కి లోపలికి వచ్చేస్తారు. మా స్కూల్లో రెండేళ్లుగా అదే.

అల్లం చాయ్ (8:25)
ప్రతి పిల్లవాడికీ స్కూల్ ఖాతా, లైసెన్సు ఉండాలి. ప్రభుత్వ బడి పిల్లలకు అవి ఎవరు ఇస్తారు? ఇంకొకరి ఇంట్లో చెట్టు నాటితే ఏమవుతుందో నాకు తెలుసు. మొజిల్లా హబ్స్ అని బ్రౌజర్‌లో తెరుచుకునే 3డి గదుల సైట్ ఉండేది, అందులో పిల్లలతో రామప్ప గుడి మండపం కట్టించాను. 2024 మే 31న దాన్ని మూసేశారు. బొమ్మలు దింపుకోగలిగాం గాని, పిల్లలు అందులో తిరిగే గది పోయింది. లువాంటిలో ఆ బాధ లేదు. కట్టిందంతా ఉండే వరల్డ్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే అయిపోయింది. మేడం, ప్రతి క్లాసు తర్వాత కాపీ తీయడం మరవకండి. ఒకడు కోపంలో కట్ట తవ్వితే జట్టు మొత్తం ఏడుస్తుంది.

మరవ పారింది (8:40)
పైన ‘మత్తడి’ అన్నారు, అలుగు అనకూడదా? పాఠ్యపుస్తకంలో అలుగు అనే చదివాం.

చెరువు కట్ట (8:52)
మేడంది వరంగల్ వైపని యాసే చెబుతోంది. అక్కడి పిల్లలకు మత్తడే తెలుసు. అలుగు అంటే ఆ పేరున్న పొలుసుల జంతువు అనుకున్నా ఆశ్చర్యం లేదు.

మరవ పారింది (8:55)
మా అనంతపురంలో మరవ అంటాం సార్. నా పేరే అది. మా నీళ్లు పారవా?

సోషల్ టీచర్ (11:20)
మాది వరంగల్ వైపే. యాస రాతలో కూడా తెలిసిపోతుందా 😀 ఇప్పుడు లాప్‌టాప్‌ని ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కి మార్చాను. వీడియో చూసి రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేవాళ్లను లాప్‌టాప్‌కి పంపే ఏర్పాటు) పెట్టాను. ఒక వెబ్‌సైట్‌లో పరీక్షిస్తే ‘30000 మూసి ఉంది’ అంటోంది. టెన్షన్‌తో రూటర్ మూడుసార్లు రీస్టార్ట్ చేశాను.

రూటర్ రాజు (11:31)
ఆ సైట్లు ఎక్కువగా టీసీపీని చూస్తాయి. లువాంటి వాడేది యూడీపీ, డేటా పంపే ఇంకో పద్ధతి. ఫార్వర్డింగ్‌లో యూడీపీ ఎంచుకున్నారా? రూటర్ పేజీలో వాన్ ఐపీ, అంటే నెట్ కంపెనీ రూటర్‌కి ఇచ్చిన అడ్రస్, ఏముంది? మొదటి రెండు సంఖ్యలు చాలు.

సోషల్ టీచర్ (11:44)
టీసీపీ పెట్టాను 🤦 ఇప్పుడు మార్చాను. వాన్ ఐపీ 100.72.

రూటర్ రాజు (11:46)
అయితే లాభం లేదు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి నెట్ కంపెనీ లోపలి అడ్రస్‌లు. ఒకే బయటి అడ్రస్‌ను చాలా ఇళ్లు పంచుకుంటున్నాయి. మీ రూటర్‌లో ఎన్ని తలుపులు తీసినా వీధి గేటు వాళ్ల చేతిలో ఉంది. స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే మారని బయటి అడ్రస్) అడగండి, లేదా నెలకు అద్దెకు చిన్న సర్వర్ తీసుకోండి.

మబ్బుల్లో మాస్టారు (12:05)
అందుకే నేను నాలుగు బొమ్మల కోడ్ అన్నది.

అల్లం చాయ్ (12:20)
డబ్బు పెట్టొద్దు మేడం. బడి ల్యాబ్‌లోనే చేయండి. ఇంటర్నెట్టే అక్కర్లేదు, కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్ ఒక్కటి చాలు. పక్కపక్కన కూర్చుని ‘ఒరేయ్ నీ కాలువ నా పొలంలోకి వస్తోంది’ అని కొట్టుకుంటేనే కదా కలిసి నేర్చుకోవడం. ఇళ్ల నుంచి అయితే మైకులు కలిసి రావు, సగం మంది ఒంటరిగా చెట్లు నరుక్కుంటారు.

చెరువు కట్ట (12:45)
నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

అల్లం చాయ్ (12:58)
సార్, ఆ తప్పునే పాఠం చేయండి. ఆటలో తూము తీసి, చెరువు ఎందుకు ఖాళీ కాలేదో పిల్లల చేతే రాయించండి. పక్కనే నీళ్లకు బదులు మామూలు గళ్లు పేర్చి, గడి గడి లెక్కబెట్టి తీసేసే రెండో చెరువు పెట్టండి. మీరే ఒకసారి ల్యాబ్‌కి వెళ్లి చెప్తే ఇంకా మంచిది.

చెరువు కట్ట (1:10)
పిలిస్తే వస్తా.

సోషల్ టీచర్ (సోమవారం మధ్యాహ్నం 3:05)
ఈ రోజు ల్యాబ్‌లో పెట్టాం. పిల్లలు వచ్చారు! కాని నాతో కలిపి 15 మంది దాటితే సర్వర్ నిండిందని బయటికి తోసేస్తోంది. మిగిలిన ఎనిమిది మంది నా చుట్టూ నిలబడి మొహాలు వేలాడేశారు. ల్యాబ్ కంప్యూటర్లు పాతవని ఇలాగా?

రూటర్ రాజు (3:07)
కాదు. మాక్స్ యూజర్స్ ముందే 15 అని ఉంటుంది. సెట్టింగ్స్‌లో 30 చేయండి, సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

పేరులో పెన్నిధి (3:30)
సెట్టింగ్స్ ఫైల్లో మార్చాలంటే దాని పేరు ఇంకా మైన్‌టెస్ట్ డాట్ కాన్ఫ్ అనే ఉంటుంది. పాత పేరు అక్కడ మాత్రం పోలేదు, ఒప్పుకుంటాను.

సోషల్ టీచర్ (బుధవారం సాయంత్రం 5:48)
30 పెట్టాక సరిపోయింది, థాంక్స్ అందరికీ. చెరువు కట్ట సార్, శుక్రవారం మూడో పీరియడ్ ఖాళీగా ఉంది, మీకు మెసేజ్ పెట్టాను. ఇంకో మాట, పిల్లలు ఆటలోని బోర్డు మీద ‘మత్తడి’ అని రాస్తే త ఒత్తు విడిపోయి పక్కకి వచ్చేస్తోంది. దీనికి ఫాంట్ మార్చాలా?

మరవ పారింది (6:02)
‘మరవ’ అని రాయండి మేడం, ఒత్తే లేదు.