చనిపోయిన తోటి నావికుడి చొక్కాని వేలంలో కొనుక్కోవడమేంటి?

ట్రఫాల్గర్ నౌకాయుద్ధం (1805 అక్టోబర్ 21) గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. తెరచాపల కాలం నాటి బ్రిటిష్ యుద్ధనౌకల్లో ఎవరైనా పోతే వాడి బట్టలూ పెట్టెలో సామానూ ఓడ మీదే, తెరచాప స్తంభం దగ్గర వేలం వేసేవాళ్లట. మొన్నటిదాకా పక్కన పడుకున్న కుర్రాడి చొక్కా ఇవాళ నా ఒంటి మీద! అసలు వీళ్ల మధ్య స్నేహం అంటూ ఉండేదా, లేక చావులు చూసి చూసి మొద్దుబారిపోయారా?

నీలిసంద్రం: మీరు తిరగేసి చూస్తున్నారండీ. వేలంలో వచ్చిన డబ్బు పోయినవాడి తల్లికో భార్యకో చేరేది. కొన్నవాడు అప్పటికప్పుడు కట్టక్కర్లేదు, జీతంలో పట్టుకునేవాళ్లు. అందుకే చిరుగుల చొక్కాని కూడా కావాలనే దాని విలువకి మించి పాడేవాళ్లు. ఏడిస్తే చులకన అయిపోయే చోట మగాళ్లు ఇంకెలా ఏడుస్తారు చెప్పండి. మెస్ గురించి చదివితే ఇంకా బాగా అర్థమవుతుంది. రెండు ఫిరంగుల మధ్య ఒక బల్ల, దాని చుట్టూ ఆరుగురో ఎనిమిది మందో, రోజూ అదే బల్ల, అవే మొహాలు, వంతుల ప్రకారం ఒకడు వెళ్లి అందరికీ కూడు తెచ్చేవాడు. పడుకోవడానికి ఒక్కో ఊయల పడకకి రూలు ప్రకారం 14 అంగుళాల వెడల్పే. ఒకడు లేకపోతే ఆ ఖాళీ తెలియకుండా ఎలా ఉంటుంది?

పాతదిక్సూచి: స్నేహం నిజమే, కానీ మరీ సినిమాలా ఊహించుకోవద్దు. వాళ్లలో చాలామంది ఇష్టపడి ఎక్కినవాళ్లు కాదు, ప్రెస్ గ్యాంగులు, అంటే నౌకాదళంలోకి బలవంతంగా చేర్చే ముఠాలు, రేవుల్లో పట్టుకొచ్చి పడేసినవాళ్లు. ఇంకోటి, చావంటే మనకి ఫిరంగులే గుర్తొస్తాయి గానీ 1793 నుంచి 1815 వరకు జరిగిన యుద్ధాల్లో ఆ నౌకాదళం పోగొట్టుకున్నవాళ్లలో శత్రువు చేతిలో పోయినవాళ్లు పదో వంతు కూడా లేరు. మిగతావాళ్లు జ్వరాలకీ, ఓడ మునకలకీ, స్తంభం మీద నుంచి జారిపడీ పోయారు. అంటే స్నేహితుడు కళ్లముందు వారాల తరబడి క్షీణిస్తుంటే చూస్తూ, మళ్లీ డ్యూటీకి ఎక్కాలి.

ఉప్పుగాలి: యుద్ధం మధ్యలో పోతే ఆ వీడ్కోలు కూడా ఉండదు, శవాన్ని అలాగే సముద్రంలోకి తోసేసేవాళ్లు, ఫిరంగి చుట్టూ చోటు కావాలి కదా. మామూలప్పుడైతే వాడి పడకలోనే చుట్టి కుట్టేసి, మునగడానికి కాళ్ల దగ్గర ఫిరంగి గుండ్లు పెట్టి, ప్రార్థన చదివి వదిలేవాళ్లు. ఓడ హాజరు పుస్తకంలో పేరు పక్కన మాత్రం రెండే అక్షరాలు, డి.డి., అంటే డిశ్చార్జ్డ్ డెడ్, చనిపోయి కొలువు నుంచి పోయినవాడని. పారిపోయినవాడికి ఆర్., అంటే రన్. గుమాస్తాకి రెండూ ఒక్కటే, జీతం లెక్క ఆపాలి అంతే.

ప్రశ్న అడిగినవారు: నేను మొద్దుబారారు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంకో సందేహం. ట్రఫాల్గర్‌లో బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపిన నెల్సన్ ఎక్కిన ఓడ విక్టరీలో 57 మంది పోయారు, ఆ ఓడలో అందరికన్నా చిన్నవాడికి 12 ఏళ్లు. మందుగుండు మోసే అంత చిన్న పిల్లాడే పోతే? వాడి చొక్కా పెద్దవాళ్లెవరికీ పట్టదు కదా, దాన్ని ఎవరు పాడతారు?

నీలిసంద్రం: ఇంకో పిల్లాడు పాడొచ్చు. కానీ నాకైతే వాడి మెస్‌లో పెద్దాయన ఎవరో పాడి ఉంటాడనిపిస్తుంది.