చెన్నై ఉప్పుగాలిలో వీల్ నట్లకు గ్రీజు పెట్టాలా, వద్దా?

తిరువాన్మియూర్ వాసి:
మా ఇంటి నుంచి బీచికి నడిచి వెళ్లిపోవచ్చు. కారుకి షెడ్డు లేదు, ఎండకీ వానకీ వీధిలోనే ఉంటుంది. మొన్న ముందు టైరు పంక్చరైంది. నట్లు నాలుగూ ఊడాయి గానీ చక్రం కదల్లేదు, వెనక దాన్ని మోసే హబ్‌కి అతుక్కుపోయింది. అల్లాయ్ వీల్. పంక్చర్ షాపతను టైరుని కాలితో తన్ని తన్ని ఎలాగో ఊడదీశాడు. మళ్లీ బిగించేటప్పుడు డబ్బాలోంచి వేలితో గ్రీజు తీసి స్టడ్‌లకి (హబ్ నుంచి పొడుచుకొచ్చే, నట్లు బిగించే మరల కడ్డీలకి) దట్టంగా పూశాడు. "సముద్రం పక్కన బండ్లన్నిటికీ ఇలాగే చేస్తాను సార్, లేకపోతే నట్టు పట్టేసి స్టడ్ విరిగిపోద్ది" అన్నాడు. మా బావగారు చూసి వెంటనే తుడిపించెయ్యమన్నారు, గ్రీజు పెడితే నట్టు జారి చక్రం ఊడిపోతుందని ఆయన భయం. ఎవరి మాట వినాలి?

నీలాంగరై నుంచి:
షాపతని మాటే వినండి. ఈసీఆర్ మీద, అంటే సముద్రం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఉండేవాళ్లకి తుప్పు అంటే ఏమిటో తెలుసు. గేటు బందులు, ఏసీ బయటి యూనిట్లు, సైకిలు చైన్లు, ఏదీ ఆగదు. నా కారుకి ఎప్పటి నుంచో స్టడ్‌లకి గ్రీజు పెట్టిస్తున్నాను, ఒక్క నట్టు కూడా వదులవలేదు. రాత్రి తొమ్మిదింటికి మహాబలిపురం దారిలో టైరు పోయి, కారుతో వచ్చిన చిన్న పానాతో నట్టు తిరగకపోతే అప్పుడెవరు వస్తారు? కారులో పిల్లలుంటే? నట్టు ఊడకపోవడం కూడా ప్రమాదమేనండి.

అంబత్తూరు ఫిట్టర్:
బావగారి మాట వినండి, కానీ ఆయన చెప్పిన కారణం వేరు, అసలు కారణం వేరు.

నట్టుని మనం తిప్పే బలంలో దాదాపు తొంభై శాతం రాపిడికే పోతుంది. కొంత నట్టు కూర్చునే చోట, కొంత త్రెడ్లలో, అంటే మరల్లో. మిగిలిన పదో వంతే స్టడ్‌ని సాగదీసి చక్రాన్ని హబ్‌కి అదిమి పట్టేది. కంపెనీ ఇచ్చే టార్క్ అంకె, అంటే నట్టుని ఎంత బలంగా తిప్పి బిగించాలో చెప్పే అంకె, ఈ రాపిడి అంతా లెక్కేసి, త్రెడ్లు పొడిగా శుభ్రంగా ఉన్నాయనుకుని రాసినది. గ్రీజు పెడితే రాపిడి తగ్గుతుంది. అదే టార్క్‌కి స్టడ్ ఎక్కువ సాగుతుంది. దానికి తోడు మన దగ్గర చాలా షాపుల్లో గాలి గన్నుతో గర్రుమని బిగిస్తారు, అంకె చూసేవాళ్లు తక్కువ. పొడి స్టడ్‌కే అది ఎక్కువ. గ్రీజు పూసిన స్టడ్ అయితే సాగి, ఇక వెనక్కి రాని స్థితికి చేరుతుంది. అలా పాడైన స్టడ్ పట్టు వదిలేస్తుంది, లేదా ఎప్పుడో ఒకరోజు తెగుతుంది. కాబట్టి భయపడాల్సింది నట్టు జారుతుందని కాదు, స్టడ్ ఓడిపోతుందని.

ఇక మీ చక్రం. మీరు రాసిన దాంట్లోనే జవాబుంది: నట్లు ఊడాయి, చక్రం రాలేదు. అంటే పట్టేసింది స్టడ్‌ల దగ్గర కాదు, నడిమి రంధ్రం దగ్గర. అల్లాయ్ అంటే అల్యూమినియం, హబ్ ఇనుము. రెండు వేర్వేరు లోహాలు తాకుతూ, మధ్యలో ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తినబడుతుంది. తెల్లటి పొడి ఏర్పడుతుంది, హబ్ వైపు ఎర్ర తుప్పు. రెండూ అసలు లోహం కంటే ఎక్కువ చోటు తీసుకుంటాయి. ముందే బిర్రుగా ఉన్న రంధ్రంలో ఇవి ఉబ్బితే, స్టీలు గిన్నెలో గిన్నె ఇరుక్కున్నట్టు అవుతుంది. స్టడ్‌లకి కిలో గ్రీజు పూసినా ఈ చోటుకి చేరదు.

చేయాల్సింది ఇది. చక్రం తీసినప్పుడు హబ్ నడిమి అంచుని, చక్రం ఆనే ముఖాన్ని వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్దండి. చక్రం లోపలి రంధ్రాన్ని మాత్రం మెత్తటి గరుకు కాగితంతో, అల్యూమినియం గీసుకుపోకుండా. తర్వాత ఆ నడిమి అంచు చుట్టూ మాత్రమే యాంటీ సీజ్ పేస్టు (లోహాలు పట్టేయకుండా పూసేది), కింద లోహం కనబడేంత పలచగా. నట్టు కూర్చునే చోట వద్దు, స్టడ్‌ల మీద వద్దు, బ్రేకు డిస్కు మీద అసలే వద్దు.

నీలాంగరై నుంచి:
పుస్తకం ప్రకారం మీరు చెప్పింది సరే. మరి లారీల చక్రాలకి స్టడ్ మీద నూనె చుక్క వేయమని కంపెనీలే చెబుతాయి కదా? అక్కడ తెగని స్టడ్ ఇక్కడ తెగుతుందా?

అంబత్తూరు ఫిట్టర్:
మంచి ప్రశ్న. వేస్తారు, నిజమే. హబ్ మీద కూర్చునే రకం లారీ చక్రాలకి స్టడ్ చివరి త్రెడ్ల మీద ఒకటి రెండు చుక్కలు వేయమంటారు. అయితే ఆ బండ్లకిచ్చే టార్క్ అంకె ఆ నూనెని లెక్కలోకి తీసుకునే రాసినది. ఆ నట్టు కూడా వేరు, అడుగున విడిగా తిరిగే వాషర్ ఉంటుంది. చాలా కార్లలో నట్టు కోన్ ఆకారంలో నేరుగా చక్రం మీద కూర్చుంటుంది. ఒక బండి నియమాన్ని ఇంకో బండికి పెట్టకూడదు. మీ కారు మాన్యువల్ నూనె వేయమంటే వేయండి. అనలేదంటే వద్దు.

ఈసీఆర్ రాత్రి గురించి మీరన్నది మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. పానాతో నట్టు తిరగకపోవడానికి ఎక్కువ సార్లు కారణం తుప్పు కాదు, ముందటిసారి గన్నుతో అతిగా బిగించడం. టైరు షాపులో ఉన్నప్పుడే మీ మాన్యువల్‌లో ఉన్న అంకెకి టార్క్ రెంచ్‌తో బిగించమనండి. ఫోక్స్‌వ్యాగన్ పోలోకి 120 న్యూటన్ మీటర్లు, చాలా చిన్న కార్లకి అంతకంటే తక్కువే. అలా బిగిస్తే పొడుగు చేతి పానాతో ఇంట్లో ఎవరైనా ఊడదీయగలరు. ఆ పానా ఒకటి కొని డిక్కీలో పడేసుకోండి.

వేళచ్చేరి నుంచి:
నాది ఇంకో సమస్య. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకి మా వీధిలో నీళ్లు నిలిచి కారు చక్రాలు సగం మునిగాయి. ఊరెళ్లి తిరిగొచ్చేసరికి వెనక చక్రం ఒకటి తిరగడం లేదు. హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేశాం. మెకానిక్ బ్రేకు డ్రమ్ము మీద సుత్తితో కొట్టి, అదీ రాకపోతే గ్యాస్‌తో వేడి చేస్తానన్నాడు. వద్దని పంపేశాం, ఇంకొకరు వచ్చి సరిచేశారు. ఈ వానాకాలం మళ్లీ అలా అయితే ఏం చెయ్యాలి?

అంబత్తూరు ఫిట్టర్:
వద్దనడం చాలా మంచి పని. టైరు చక్రానికి ఉండగా హబ్‌ని గానీ రిమ్ముని గానీ మంటతో వేడి చేయకూడదు. లోపలి రబ్బరు వేడికి మాడి వాయువులు పుట్టి టైరు పేలుతుంది, మనుషులు చనిపోయిన సంగతులున్నాయి. ఎవరైనా గ్యాస్ సిలిండర్ తెస్తే పంపెయ్యండి.

నీళ్లు దిగాక, డ్రమ్ము లోపల రాసుకుని బండిని ఆపే బ్రేకు షూ లైనింగు డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుంటుంది. హ్యాండ్‌బ్రేక్ వదిలి, కారుని ముందుకీ వెనక్కీ కాస్త కాస్తగా కదిపితే చాలాసార్లు టక్కుమని విడుతుంది. విడకపోతే టైరు తీసి, డ్రమ్ము చుట్టూ చెక్క మీద సుత్తితో కొట్టాలి. చాలా డ్రమ్ములకి ముఖం మీద రెండు త్రెడ్ రంధ్రాలుంటాయి. వాటిలో రెండు 8 మిల్లీమీటర్ల బోల్టులు ఒకటి మార్చి ఒకటి, పావు చుట్టు చొప్పున తిప్పితే డ్రమ్ము తనంతట తానే బయటికి వస్తుంది. అప్పుడు లోపల షూల దూరం సరిచేసే ఎడ్జస్టర్ తిరుగుతోందో లేదో చూడాలి. డబ్ల్యూడీ-40 లాంటివి లోపల చల్లకండి, లైనింగు మీద పడితే ఆ బ్రేకు పనికిరాదు. వరద హెచ్చరిక వస్తే చదునుగా ఉన్న చోట కారుని గేరులో వదిలి, చక్రానికి రాయి ఆనించి, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా ఉంచండి.

పెరంబూరు నుంచి:
డిస్కు మీద ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ ఉంటుంది కదా, అది జరిగే పిన్నుల సంగతి కూడా చెప్పండి. మా షాపులో మామూలు బేరింగు గ్రీజే పెడతారు, ఏమీ కాలేదే.

అంబత్తూరు ఫిట్టర్:
అవుతుంది, నెమ్మదిగా. బ్రేకుల రబ్బరు ఎక్కువగా ఈపీడీఎం రకం. పెట్రోలియం గ్రీజు దాన్ని ఉబ్బిస్తుంది. పిన్ను చుట్టూ ఉండే రబ్బరు తొడుగు, అంటే బూటు, ఉబ్బితే పిన్ను గట్టిపడుతుంది, క్యాలిపర్ జరగదు. మీ ప్యాడ్లు విప్పి చూడండి, లోపలిది అరిగి, బయటిది కొత్తగా ఉంటే పిన్నే కారణం. దీనికి సిలికాన్ లేదా బ్రేకులకని అమ్మే సింథటిక్ గ్రీజు వాడాలి, అదీ పలచగా. పిన్ను మీద గుంతలు పడితే తుడవడం కాదు, మార్చడం. పిన్నులూ బూట్లూ కిట్టుగా విడిగా దొరుకుతాయి.

నీలాంగరై నుంచి:
క్యాలిపరే పోతే? పుదుపేట్ పాత బండి సామాన్ల మార్కెట్‌లో పాతది సగం కంటే తక్కువకి దొరుకుతుంది.

అంబత్తూరు ఫిట్టర్:
డోర్ అద్దం, సీటు పుదుపేట్‌లో కొనుక్కోండి, అందులో తప్పులేదు. క్యాలిపర్ వద్దు. లోపల పిస్టన్ జరిగే గోడ మీద తుప్పు ఉందో లేదో విప్పితే గానీ కనబడదు, అమ్మేవాళ్లు విప్పనివ్వరు.

తిరువాన్మియూర్ వాసి:
ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. ఇప్పటికే స్టడ్‌ల మీద ఉన్న గ్రీజు సంగతేంటి? చక్రాన్ని మళ్లీ విప్పించాలా?

అంబత్తూరు ఫిట్టర్:
విప్పించండి, రేపే. బ్రేక్ క్లీనరు గుడ్డ మీద చల్లి స్టడ్‌లు, నట్ల లోపలి వైపు, నట్టు కూర్చునే కోన్ తుడిపించండి. గ్రీజు డిస్కు మీద పడిందేమో చూడండి, పడితే దాన్నీ అదే క్లీనరుతో తుడవాలి. ప్యాడ్‌లోకి ఇంకితే ఆ ప్యాడ్లు మార్చాలి. హబ్ అంచు శుభ్రం చేసి, పైన చెప్పినట్టు పేస్టు పూసి, టార్క్ రెంచ్‌తో ఎదురెదురు నట్లు వరసగా బిగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక, చక్రాలు చల్లారి ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి అదే అంకెకి సరిచూడండి. ఏ నట్టు అయినా బిగిస్తున్నప్పుడు ఆగకుండా మెత్తగా తిరుగుతూనే ఉంటే దాని స్టడ్ సాగిపోయిందని. ఆ స్టడ్ మార్చకుండా బండి తీయకండి.

నీలాంగరై నుంచి:
నా కారుని కూడా ఈ ఆదివారం టార్క్ రెంచ్ ఉన్న షాపుకి తీసుకెళ్తాను. స్టడ్‌ల విషయంలో మీతో ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మా సముద్రం పక్కన పొడి త్రెడ్డు రెండు వానాకాలాల తర్వాత ఎలా ఉంటుందో ముందు చూస్తాను.

అంబత్తూరు ఫిట్టర్:
చూడండి, తప్పకుండా. టైర్లు రొటేషన్ చేయించిన ప్రతిసారీ నట్లు విప్పి, వైర్ బ్రష్‌తో త్రెడ్లు దులిపి బిగిస్తే రెండు వానాకాలాలు ఆగాల్సిన పని కూడా ఉండదు. చేత్తో మొదటి రెండు మూడు చుట్లు తిరగని నట్టు కనబడితే ఫోటో ఇక్కడ పెట్టండి.